మీనాకుమారి డ్యూటీ టార్చి

మూడో టార్చిని కూడా పనికిరాదని తేల్చిన రోజున గిరిబాబు అన్నం మారు పెట్టించుకున్నాడు. రాధారాణికి అనుమానం వచ్చింది అక్కడే.

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ కనిపెట్టిన శాస్త్రం ఒకటుంది. మనసు బాగోలేనినాడు గిరిబాబు మజ్జిగ దాకా రాడు. పప్పు దగ్గరే చెయ్యి కడిగేసుకుంటాడు. ఆశపడి తెప్పించుకున్న వస్తువు పనికిరాకుండా పోయినవాడు వంకాయ కూర రెండోసారి వేయించుకుని, ఊరమిరపకాయలున్నాయా అని అడగడం ఏ శాస్త్రానికీ అందదు.

గిరిబాబు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, చక్రాల సెక్షన్‌లో ఫిట్టరు. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి చేరింది కూడా ఆ షాపులోనే. ఇప్పుడు కూతురు మీనాకుమారి పరీక్ష రాసి, బోగీలు తనిఖీ చేసే విభాగంలో టెక్నీషియన్ ఉద్యోగం తెచ్చుకుంది. ట్రైనింగు అయిపోయింది. ఆఫీసువాళ్లు ఒక కాగితం చేతిలో పెట్టి, శనివారంలోగా రాసివ్వమన్నారు. లైను మీదికి వెళ్తావా, స్టోర్సులో కుర్చీ తీసుకుంటావా?

లైనంటే, వచ్చే బండి పక్కన నిలబడి చక్రాల మీదా స్ప్రింగుల మీదా టార్చి వేసి, ఎక్కడ పగులుందో, ఎక్కడ ఏది వేలాడుతోందో పట్టుకోవడం. పగలూ రాత్రీ షిఫ్టులు. కుర్చీ అంటే కుర్చీయే. శనివారం దాకా ఏమీ చెప్పనివాళ్లని తీసుకెళ్లి అందులోనే కూర్చోబెడతారు.

మీనాకి లైనే కావాలి. గిరిబాబు వద్దనలేదు. అదే చిక్కు. వద్దంటే ఆ పిల్ల పోట్లాడి నెగ్గేది.

"నానొద్దన్నానేటి? సక్కగా ఎల్లు," అన్నాడు. "కానీ సరైన టార్చి లేకుండా ఆడపిల్లని లైను మీదకి పంపను. డ్యూటీకి పనికిరావాల. ఎవడైనా ఎదవ ఎదురొస్తే కాసుకోడానికి పనికిరావాల. రోజూ కూడా తీసుకెల్లడానికి బరువవకూడదు. ఈ మూడూ ఉన్నది దొరికిన మరుక్షణం ఎల్లు."

ఆ తర్వాత పూరీ గేట్ దగ్గరి వాళ్ల రైల్వే క్వార్టర్లో టార్చిలకి పెళ్లిచూపులు మొదలయ్యాయి.

మొదటిది అప్పడాల కర్రంత పొడుగు, రోకలంత బరువు. "ఇది జేబులో ఎడితే ప్యాంటు జారిపోతాది," అని పంపేశాడు. రెండోది చూపుడువేలంత. "తాళంకప్ప కన్నం ఎతుక్కోడానికి బాగుంటాది," అన్నాడు. మూడోది ఆన్‌లైన్‌లో తెప్పించాడు. నల్లటిది, మూతి చుట్టూ రంపం పళ్లు, పెట్టె మీద ముసుగేసుకున్న సైనికుడి బొమ్మ. దాన్ని ట్యాక్టికల్ టార్చి అంటారట. మూడు వేల ల్యూమెన్ల వెలుతురట. మీట మూడుసార్లు నొక్కితే మెరుపులా టపటపా కొట్టుకుంటుంది, శత్రువుకి కళ్లు తిరుగుతాయి. శత్రువు సమయానికి దొరక్క గిరిబాబు గోడ మీది పిల్లి మీద వేశాడు. ఆ పిల్లి మళ్లీ ఈ వీధిలో కనబడలేదు.

మీనా దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "నాన్నా, ఈ మెరుపులు నాకొద్దు. లైను పక్కన దీపం అలగ ఆత్రంగా ఆడితే డ్రైవరుకి ఏటని అర్థం? ప్రమాదం, ఆపు అని. గ్లవుజు సేత్తో పొరపాటున నొక్కినానంటే మెయిలు ఆగిపోతాది. నాకు ఛార్జిషీటు వస్తాది."

"సూసినావా!" అన్నాడు గిరిబాబు, బోనస్ వచ్చినవాడిలా. "నాన్సెప్పలేదా దొరకడం కష్టమని?"

అప్పుడే రెండోసారి అన్నం పెట్టించుకున్నది.

రోకలంత గట్టిగా ఉండాలి, రుమాలంత తేలికగా ఉండాలి. ఎదుటివాడి కళ్లు పోవాలి, డ్రైవరు కళ్లు పోకూడదు. ఈయన వెతుకుతున్నది టార్చిని కాదు, శనివారం దాటే దారిని, అనుకుంది రాధారాణి. ఆవిడకి కోపం రాలేదు. భయమేస్తోందని గిరిబాబు చెప్పలేడు. వర్క్‌షాపులో అన్నిటికీ ఫారాలున్నాయి, దానికి లేదు.

"మీరన్నది నిజమేనండి," అంది మజ్జిగ పోస్తూ. "మూడూ ఉండాల్సిందే. ఒక్కటి కూడా తగ్గకూడదు."

"అదీ! నీకు తెలుసు."

"కాపోతే, ఇలగ పైపైన సూసి వొద్దనేస్తే ఎలాగండి? మీ షాపులో ట్రయలు ఎయ్యకుండా ఏ సామానైనా ఫెయిల్ చేస్తారా?"

"ట్రయలు లేకుండా ఎలాగ సేస్తాం?"

"అయితే నాలుగోదానికి ట్రయలు ఎయ్యండి. పాసయితే పాసు. మరి మాట తిప్పకూడదు."

"గిరిబాబు మాట తిప్పుతాడా?"

"ఏనాడూ లేదు," అని రాధారాణి ఊరమిరపకాయ వడ్డించింది.

మర్నాడు మంగళవారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు టోటో అనే బ్యాటరీ రిక్షా ఎక్కి మలంచా బజారుకి వెళ్లారు. అక్కడ మెయిన్ రోడ్డు మీద తీతు అనే బెంగాలీ అతనికి ఎలక్ట్రికల్ దుకాణం ఉంది. ఆడవాళ్లిద్దరూ టార్చి కావాలనేసరికి అతను ఉత్సాహంగా ఒక గొట్టం తీసి బల్లమీద పెట్టాడు.

"దేఖియే బౌదీ, ఏక్ కిలోమీటర్ జాయేగా!" అన్నాడు, చూడండి వదినగారూ, వెలుతురు కిలోమీటరు పోతుందని.

"కిలోమీటరు అవతల మాకెవరూ లేరు దాదా," అంది రాధారాణి తనకొచ్చిన బెంగాలీలో. "మూడడుగులు చాలు. దీంట్లో అన్నిటికన్నా తక్కువ వెలుతురు ఎంత?"

పాతికేళ్ల వ్యాపారంలో తీతుని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అతను టార్చిని తిప్పి, ఆ సంగతి అక్కడేమైనా రాసి ఉందేమో అని చూశాడు.

రాధారాణి సంచీలోంచి స్టీలు డబ్బా మూత తీసింది, ఇరవయ్యేళ్లు పీచుతో తోమిన మూత. తర్వాత పైట చెంగు తన తలమీదా కూతురి తలమీదా కప్పేసింది. పట్టపగలు, నడి బజారులో, చీర కింద చీకటి తయారైంది.

"అమ్మా, ఏటిది! అందరూ సూస్తన్నారు."

"సూడనీ. నువ్వు మూత సూడు."

తెల్లగా మండే టార్చిని ఎదురుగా వేస్తే మూత అద్దంలా మెరిసింది. కళ్లు జిగేలుమనడం తప్ప ఏమీ కనబడలేదు. తీతు అందించిన వాటిలో ఒకటి జానెడు కన్నా పొట్టిది, కొంచెం పసుపు ఛాయ వెలుతురుది. రాధారాణి దాన్ని మూతకి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టు పట్టుకుంది. మూత మీది గీతలన్నీ దున్నిన పొలంలా లేచి నిలబడ్డాయి.

"బియ్యంలో రాళ్లు ఏరినప్పుడు కిటికీ వెలుతురు చేటకి ఎటుంచి పడాల?"

"పక్కనుంచి. రాయికి నీడ పడతాదని."

"మరి పగులుకో?"

 మీనా టార్చి అమ్మ చేతిలోంచి లాక్కుంది. "మా ఇన్‌స్ట్రక్టరు కూడా ఇదే సెప్పినాడమ్మా. ఇంగ్లీషులో సెప్పినాడు, అందుకు ఇంత బాగా అవపళ్లేదు."

దానికి వెనకవైపు ఒకటే మీట. మెల్లగా నొక్కితే చిన్న వెలుతురు, గట్టిగా నొక్కితే పూర్తి వెలుతురు. మూడో విద్య లేదు. మీనా చెయ్యి తడుపుకుని నొక్కింది, వెలిగింది. కళ్లు మూసుకుని నొక్కింది, వెలిగింది. తర్వాత రాధారాణి దాన్ని తీసుకుని, మాట్లాడుతూ మాట్లాడుతూనే దుకాణం మెట్ల మీంచి రోడ్డు మీదికి వదిలేసింది.

"హాయ్ హాయ్ బౌదీ!" అని తీతు గుండెలు బాదుకున్నాడు.

టార్చి మూడు మెట్లూ దొర్లి, ఒక ఆటో చక్రం దగ్గర వెలుగుతూనే ఆగింది. తీతు లోపల్నుంచి సీలు విప్పని కొత్తది తెచ్చి ఇవ్వబోయాడు.

"అదొద్దు దాదా," అంది రాధారాణి. "పడి బతికిందే ఇవ్వండి."

బుధవారం సాయంత్రం గిరిబాబు డ్యూటీ నుంచి వచ్చి టిఫిన్ క్యారియర్ సంచీ గడపలో పెట్టాడు. రాధారాణి అతని ఎదురుగానే అందులో చెయ్యి పెట్టి, క్యారియర్ కింద నుంచి టార్చి తీసి బల్లమీద నిలబెట్టింది.

"ఇదేటి?"

"నాలుగో టార్చి. రోజూ మొయ్యడానికి బరువుగా ఉన్నాదేటండి?"

"నానెప్పుడు మోసినాను?"

"పొద్దున్నుంచీ."

గిరిబాబు సంచీలోకి చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. షాపు దాకా వెళ్లి, తిరిగి వచ్చి, ఒక్క క్షణం తేడా తెలియలేదని ఒప్పుకోక తప్పలేదు. "సరే, ఒకటి పాసు. కానీ ఇంత పొట్టిదాంతో ఎవుడ్ని కొడతాది? దోమల్నా?"

అని స్నానానికి లేచాడు. నడవలో దీపం లేదు. నాలుగడుగులు వేశాడో లేదో ఎదురుగా సూర్యుడు పుట్టాడు.

"ఆపే! ఒలే, ఆపే! కళ్లు పోయినాయి!"

ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి లుంగీ మీద పెట్టుకుని గిరిబాబు అక్కడే నిలబడిపోయాడు. వెలుగు ఆరిపోయింది. పెరటి తలుపు చప్పుడైంది. కాసేపటికి వీధిలోంచి మీనా గొంతు వినబడింది.

"నాన్నా! నానిప్పుడు ఎక్కడున్నాను?"

"ఈధిలో!"

"కొట్టడం ఎందుకు నాన్నా? పారిపోయి, పదిమందినీ కేకెయ్యడానికి నాకు మూడు సెకన్లు కావాల, అంతే."

"మూడేటి," అన్నాడు గిరిబాబు ఉన్న నిజం దాచుకోలేక, "నాకింకా ఏటీ అవపళ్లేదు."

కానీ ఆయన షాపు మనిషి. రెండు పాసైతే మూడోదాన్ని ఇంకా బిగిస్తాడు. గురువారం సాయంత్రం రాగానే తన సైకిల్ని మెట్ల కింది కొట్టులోకి తోసి, అరగంట తలుపేసుకుని బయటకి వచ్చాడు. పగలైనా రాత్రైనా ఆ కొట్టులో ఒకటే చీకటి.

"ఈ సైకిలే బోగీ అనుకో," అన్నాడు కూతురితో. "ఎన్ని తప్పులెట్టినానో సెప్పను. ఒక్కటి ఒగ్గేసినా ఫెయిలు. ఫెయిలయితే కుర్సీ."

నవ్వుతూ అనలేదు. మీనా కూడా నవ్వలేదు. జడ ముడేసుకుని లోపలికి వెళ్లింది. తలుపు దగ్గర తల్లీతండ్రీ నిలబడ్డారు.

చిన్న వెలుతురు వెనక చక్రం దగ్గర మొదలై, బోగీ పక్కన నడిచినట్టే ముందుకి నడిచింది. "వెనక చక్రం, ఒక పుల్ల లూజు," అంది మీనా. తర్వాత, "బ్రేకు రబ్బరు తిరగేసి బిగించినావు." ఇంకాసేపటికి, "గొలుసు కవరుకి ఒక స్క్రూ లేదు. నీ జేబులో ఉంటాది."

గిరిబాబు జేబులోంచి స్క్రూ తీశాడు. "ఇవి మూడూ నానెట్టినవే. కానీ లైను మీద ఎవుడూ పనిగట్టుకుని ఎట్టడు కదే. వాటంతటవే వస్తాయి. వాటిని పట్టాల..."

మీనా వినలేదు. ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద వంగి, టార్చిని ఇనుముకి ఆనించి పట్టుకుని ఉంది.

"నాన్నా, ఇది కూడా నువ్వే ఎట్టినావా?"

గిరిబాబు వంగి చూశాడు. ఏమీ కనబడలేదు. అటక మీంచి తన మూడు వేల ల్యూమెన్లది తీసి వేశాడు. చక్రాన్ని పట్టుకునే ఫోర్కు నల్లరంగు తళతళలాడింది. "ఏటీ లేదు. ఆదివారమే తుడిసినాను."

"దాన్ని ఆర్పు నాన్నా."

ఆర్పాడు. మీనా పసుపు వెలుతురుని పక్కనుంచి మెల్లగా జరిపింది. ఫోర్కు పై వంపు కింద, వెంట్రుకంత సన్నగా, ఒక గీత సగం గొట్టాన్ని చుట్టి ఉంది. చివర తుప్పు పొడి.

గిరిబాబు బొటనవేలి గోరు దానిమీద నడిపించాడు. గోరు ఆగింది. వెనక్కి తెచ్చి మళ్లీ నడిపించాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఇంతకన్నా చిన్న గీతలకి ఆయన రోజూ చక్రాలు పక్కన పెట్టిస్తాడు. గంట కిందట ఆ సైకిల్ మీదే ఓవర్‌బ్రిడ్జి దిగి వచ్చాడు, ఎప్పటిలాగే, బ్రేకు పట్టకుండా.

రాధారాణి దగ్గర మంచి ఎత్తిపొడుపు మాట ఒకటి సిద్ధంగా ఉంది. దాన్ని లోపలే ఉంచుకుని వెళ్లి మంచినీళ్లు తెచ్చింది.

"ఇన్నాళ్లూ అవపళ్లేదు నాకు," అన్నాడు గిరిబాబు గ్లాసు పట్టుకుని.

"ఎదురుగా సూసినావు నాన్నా."

ఆయన ఆ గీత దగ్గరే కూర్చుని నీళ్లు తాగాడు. తర్వాత, ఎవరూ ఏమీ అడగకుండానే, "రేత్రి షిఫ్టులో సలేస్తాది. మీ ఆఫీసోళ్లిచ్చిన కోటు పల్సన," అన్నాడు.

"ఏటండీ, కోటు కూడా షరతేనా?" అంది రాధారాణి.

"షరతేటి? కొంటాను." లేచి చేతులు దులుపుకున్నాడు. "కాయితం రేపే ఇచ్చేయే. శనివారం దాకా దేనికి?"

శుక్రవారం పొద్దున్న గిరిబాబు టోటోలో షాపుకి వెళ్లాడు. పన్నెండు గంటలకి మీనా కాగితం ఇచ్చేసి, రసీదు మీద ముద్ర వేయించుకుని వచ్చింది. భోజనానికి కూర్చుందో లేదో వాకిట్లో బెల్లు మోగింది. ఎదురు క్వార్టరు జగ్గారావు, సైకిలు పట్టుకుని నిలబడ్డాడు. వెనక ఇంకో నలుగురు, నాలుగు సైకిళ్లు. ఒకాయన కొత్తది తెచ్చాడు, దాని హ్యాండిల్‌కి ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు.

"సెల్లెమ్మా, మీ మీనా గుంట ఉన్నాదా?" అన్నాడు జగ్గారావు. "మీ ఆయన పొద్దున్నుంచీ షాపంతా తిరిగి ఒకటే సెప్తన్నాడు, మా మీనా సూసిందాకా ఎవుడూ సైకిలెక్కొద్దని. ఫోర్‌మేన్ కూడా వస్తానన్నాడు."

రాధారాణి లోపలికి చూసింది. మీనా అప్పటికే చెయ్యి కడుక్కుంటోంది.

"వరసలో ఎట్టండన్నయ్యా," అని ఆవిడ కొట్టు తలుపు తెరిచి పట్టుకుంది. "ఒక్కొక్కలే రండి. ఎక్కడేటుందో మీరేటీ సెప్పకండి. అదే సూసి సెప్తాది."