సవరమ్మ దిగని డోలీ

పొద్దున్న లేవగానే సవరమ్మ చేసే మొదటి పని మోకాళ్ళని తిట్టడం. రెండో పని ప్రార్థన. మోకాళ్ళూని ప్రార్థన చేసి ఆరేళ్ళయింది. ముక్కాలిపీట మీద కూర్చుని ఒక చేత్తో జపమాల తిప్పుతూ, ఇంకో చేత్తో నువ్వులనూనె రాసుకుంటూ, ఇలా కూర్చున్నందుకు దేవుడికి రోజూ క్షమాపణ చెప్పుకునేది. విజయనగరంలో మిషను బడి హెడ్మాస్టరు ఎలీయేజరు గారి భార్య ఆవిడ. నిండైన మనిషి. ఆవిడ ఎక్కితే జట్కావాడు దిగిపోయి గుర్రం పక్కన నడిచేవాడు, అంతకంటే చెప్పక్కర్లేదు. మాస్టారు మాత్రం తన బెత్తంలాగే ఉండేవారు.

పంతొమ్మిదివందల ఇరవయ్యారు వేసవిలో మాస్టారికి ఓ సరదా పుట్టింది. దొరలు ఊటీ వెళ్తారు, మనం అరకు లోయకి వెళ్దాం అన్నారు. అక్కడ ఓ చిన్న కొండూళ్ళో ఫాదరుగారు కట్టించిన రెండు గదుల పెంకుటిల్లు ఖాళీగా ఉంది, ఓ నెల చల్లగా ఉండి రావచ్చు. వీధివీధంతా ముక్కున వేలేసుకుంది. "మన్యం వెళ్ళి జ్వరం తెచ్చుకుంటారు గానీ సెలవులు గడుపుతారా ఎవరైనా?" అన్నారు. మాస్టారు క్వినైను సీసా చూపించి అందరి నోళ్ళూ మూయించారు.

శృంగవరపుకోట దాకా ఎడ్లబండి. అక్కణ్ణించి ఘాటీ ఎక్కడానికి సవరమ్మకి డోలీ. లోయ నుంచి నలుగురు మోతగాళ్ళు వచ్చారు. ముందు కర్ర పట్టినవాడు సుక్రు. పాతికేళ్ళవాడు, సన్నగా ఉన్నా భుజం గట్టిది. మాస్టారు వాళ్ళ వెనకే గొడుగు ఊతంగా నడిచారు. రెండు రోజుల ప్రయాణం.

రెండోరోజు సాయంత్రం ఊరి పొలిమేరలో సుక్రు ఆగాడు.

"బాబూ, అమ్మగోర్ని దిగమనండి. ఇక్కడ్నించి ఆరడుగులు ఆయమ్మ కాళ్ళతోనే నడవాల. నేకపోతే ఆయమ్మ బరువు ముందు మోసినోడి కాడ ఉండిపోతాది."

అక్కడ ఇదేం వింత కాదు. వానొస్తే తడుస్తామన్నంత మామూలు సంగతి. డోలీ ఎక్కినవాళ్ళు పెళ్ళికూతురైనా, పండు ముసలైనా పొలిమేరలో దిగి, ఆరడుగులు వేసి, ఎవరి బరువు వాళ్ళు తీసుకుని ఊళ్ళోకి పోయేవారు. మాస్టారు డోలీలోకి తొంగి చూశారు.

"నిద్రపోతోందోయ్. అలిసిపోయింది పాపం. లేపకండి, నేరుగా ఇంటి అరుగు మీదకి పోనీండి" అన్నారు.

సుక్రు ఒక క్షణం డోలీ వంక చూసి, కర్ర మళ్ళీ భుజానికెత్తుకున్నాడు.

అసలు సంగతేమిటంటే సవరమ్మ నిద్రపోలేదు. సుక్రు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా విన్నది. ఇప్పుడు లేచి, ఈ మోకాళ్ళు మడిచి, దిగి, ఆరడుగులు నడిచి... అబ్బ, ఎవరు పడతారా బాధ అనుకుంది. కళ్ళు ఇంకాస్త గట్టిగా మూసుకుంది. అంతే, ఆవిడ చేసిందల్లా అంతే. దొంగతనం కాదు, దోపిడీ కాదు. మనలో ఎంతమంది రోజుకి ఎన్నిసార్లు చెయ్యం అలాంటి పని?

అరుగు మీద డోలీ దింపాక సవరమ్మ లేచి నిలబడింది. నిలబడ్డం కాదు, గాలికి లేచిన ఆకులా లేచింది. మోకాళ్ళు ఉన్నట్టే లేవు!

"కొండగాలి మహిమ చూశావా?" అన్నారు మాస్టారు. ఆవిడ అవునంది.

ఇంక చూడండి ఆవిడ సంబరం. పొద్దున్నే చలిలో ఊరి పక్క వాగు, గెడ్డ దాకా వెళ్ళి చన్నీళ్ళ స్నానం. ఎదురుగా ఉన్న కొండ ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. మాస్టారు సగంలో రాయి మీద చతికిలబడితే ఈవిడ పైనుంచి చప్పట్లు కొట్టి పిలిచేది. పనసచెట్టు కింద ఊరి పిల్లగుంటలతో కలిసి కుప్పిగంతులు కూడా వేసింది. బొర్రా గుహల దాకా పోయి లోపలికి చిన్నపిల్లలా దిగి వచ్చింది. అన్నిటికంటే, ఆరేళ్ళ తరవాత మోకాళ్ళూని జపమాల మొత్తం చెప్పుకుంది. దేవుడా, నీ మేలు మరిచిపోను అని ఏడ్చింది కూడా.

అవతల సుక్రు ఇంట్లో నులకమంచం తెగింది. వాడు కూర్చున్న పీట విరిగింది. గెడ్డ దాటుతుంటే ఇసకలో మోకాలి దాకా దిగబడిపోతున్నాడు. చైత్రమాసం, కొండవాళ్ళకి వేటపండగైన ఇటుకల పండగ రోజులు. ఊరి మగాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వారం రోజుల వేటకి అడవెక్కారు. సుక్రుని మాత్రం వద్దన్నారు. వాడడుగేస్తే ఆ చప్పుడుకి కొండ గొర్రె కాదు కదా, కుందేలు కూడా ఆగదని ఎగతాళి చేశారు. వాడూ నవ్వి ఊరుకున్నాడు.

ఈ సంగతులన్నీ సవరమ్మకి చెప్పింది సుక్రు భార్య కనక. రోజూ మాస్టారింటికి నీళ్ళు తెచ్చేది, ఆరో నెల కడుపుతో ఉంది. ఎవరో గొడుగు మరిచిపోతే చెప్పినట్టు చెప్పింది.

"మీ బరువు మా ఇంటికాడే ఉన్నాదమ్మా. ఏటీ పర్లేదు. ఆడ్ని మీరు ఎత్తుకుని ఆరడుగులేత్తే మీకొచ్చేత్తాది."

"నేను ఎత్తుకోవడమా?" అంది సవరమ్మ.

"ఆడు మిమ్మల్ని మోసినాడు గదా. మరి మీరే ఆడ్ని మొయ్యాల."

హెడ్మాస్టరు భార్య, పట్టపగలు, ఊరందరి ముందూ, కొండవాణ్ణి వీపున వేసుకోవడమా? సరే, అది ఒక సంగతి. అసలు సంగతి అది కూడా కాదు. ఈ కాళ్ళు మళ్ళీ పోతాయి. మళ్ళీ ముక్కాలిపీట, మళ్ళీ నువ్వులనూనె.

"వెళ్ళేటప్పుడు తీసుకుంటాలే కనకా" అంది.

"అలగే అమ్మా" అంది కనక.

నాలుగు రోజులు పోయాక కనక కుండ దింపి, వెళ్ళకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది. ఇంట్లో గింజలు అయిపోయాయట. సంతలో జీలుగుకల్లు ఇచ్చి చోళ్ళు తెచ్చుకోవాలి. కల్లు కుండలు చెట్టు మీద నిండిపోయి ఉన్నాయి, దింపాలి. సుక్రు ఎక్కితే చెట్టు ఊగిపోతోంది. వేరే ఎవరినైనా ఎక్కమందామంటే మగాళ్ళందరూ వేటలో ఉన్నారు.

"బేగి తీసేసుకుంటే బాగున్ను అమ్మా" అంది, కళ్ళెత్తకుండా.

సవరమ్మ ఇవాళే తీసుకుంటాను అనబోయింది. ఆదివారం పొద్దున్న మోకాళ్ళూని ఇంకొక్కసారి ప్రార్థన చేసుకుని, అప్పుడు తీసేసుకుందాం అనిపించింది. చూడండి, దేవుడి పేరు చెప్పి కూడా మనం ఎంత తెలివిగా తప్పించుకుంటామో!

"ఆదివారం వెళ్ళాక తప్పకుండా" అంది. లోపల నుంచి సేరు చోళ్ళు తెచ్చి కనక చీరకొంగులో పోసింది. పోసి, ఎంత మంచిదాన్నో అనుకుంది.

ఆ సేరు చోళ్ళు ఎన్నాళ్ళొస్తాయి? శనివారానికి అయిపోయాయి. ఆదివారం పొద్దున్న సవరమ్మ మోకాళ్ళ మీద ఉంది. "పరలోకమందుండెడు మా తండ్రీ" అంటుండగా ఊరి చివర పెద్ద చప్పుడైంది. అరుగు మీద గిన్నెలు అదిరాయి. ఆవిడకి తెలిసిపోయింది. ప్రార్థన మధ్యలో వదిలేసి పరిగెత్తింది. ఆ పరుగు కూడా ఎంత తేలిగ్గా ఉందో! దానికి ఆవిడ సిగ్గుతో చచ్చిపోయింది.

వెదురు నిచ్చెన రెండు ముక్కలై పడి ఉంది. సుక్రు జీలుగుచెట్టు మొదట్లో కుడికాలు అడ్డంగా మడతపడి ఉన్నాడు. ఎముక కనబడుతోంది. కల్లు నేలంతా పారింది. కనక వాడి తల ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వంక చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

వాడి బాబాయి ముసలి బుధు డోలీ కర్ర తెచ్చాడు. కింద మైదానంలో మిషను ఆసుపత్రికి తీసుకుపోవాలి. కానీ సుక్రుని డోలీలోకి ఎత్తడం ఎవరివల్లా కాలేదు. ఇద్దరి బరువుతో వాడు భూమికి అతుక్కుపోయినట్టున్నాడు.

సవరమ్మ కొంగు నడుముకి బిగించి వాడి ముందు వంగింది.

"ఏమిటిది సవరమ్మా? నలుగురూ చూస్తే ఏమంటారు?" అన్నారు మాస్టారు.

"చూడనీండి."

వాడి చేతులు రెండూ తన మెడచుట్టూ వేసుకుంది. కనక, బుధు విరిగిన కాలు పట్టుకున్నారు. మొదటి అడుగు వేసేటప్పటికి ఆవిడకి ప్రాణం పోయినంత పనైంది. రెండో అడుగుకి పాదాలు బరువెక్కాయి. మూడో అడుగుకి పిక్కలు. నాలుగో అడుగుకి మోకాళ్ళు, ఆరేళ్ళ నొప్పి ఒక్కసారిగా వచ్చి కూర్చుంది. ఆరో అడుగుకి సవరమ్మ ఎప్పటి సవరమ్మ అయిపోయింది, వీపు మీద సుక్రు మామూలు మనిషి బరువున్నాడు. ఆరంటే ఆరే అడుగులు! నిండా నిమిషం పట్టలేదు. ఏ రోజైనా, తన వాకిట్లోనే అయిపోయేది.

డోలీ ముందు కర్ర ఆవిడే పట్టింది. ఎవరి మాటా వినలేదు. వెనక కర్ర బుధు, మాస్టారు వంతులవారీగా మోశారు. రెండు రోజులు, ఆ మోకాళ్ళతో, ఘాటీ దిగింది. తోవలో ఎదురైన సంతజనం పక్కకి తప్పుకుని దారిచ్చారు.

ఆసుపత్రి గేటు దగ్గర బుధు గొంతు తగ్గించి చెప్పాడు, "ఇక్కడ ఆడు దిగి ఆరడుగులెయ్యాల అమ్మా. నేకపోతే ఆడి బరువు మీ కాడ ఉండిపోతాది."

కాలు విరిగినవాడు ఎలా దిగుతాడు? అయినా సుక్రు డోలీ అంచు పట్టుకుని లేవబోయాడు. సవరమ్మ ఆగలేదు. తెలిసే, వాణ్ణి నేరుగా మంచం దాకా మోసుకుపోయింది.

డాక్టరు ఎముక సరిచేసి కట్టు కట్టి, కాలు పొట్టిదైపోతుంది, జన్మంతా కుంటాలి అన్నాడు. కానీ ఆ కాలి మీద మోయడానికి బరువేదీ? బరువు విజయనగరంలో ఉంది. ఎముక చెరుకుగడలా నిటారుగా అతుక్కుంది. మూడో నెలలో సుక్రు నడుచుకుంటూ ఇంటికి పోయాడు. అప్పటికే కూతురు పుట్టి ఉంది.

సవరమ్మ ఇద్దరి బరువుతో వీధి ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళడానికి నాలుగుసార్లు కూలబడేది. నొప్పి ఎక్కువైన కొద్దీ ఆవిడకి లోపల ఎక్కడో హాయిగా ఉండేది. ప్రతి శనివారం ఫాదరుగారి దగ్గర తప్పులు ఒప్పుకోడానికి, పాపసంకీర్తనానికి వెళ్ళి, కోపగించుకున్నాను, పక్కింటావిడని ఆడిపోసుకున్నాను అని అన్నీ చెప్పేది. ఆ ఒక్కటి మాత్రం నోరు దాటేది కాదు. మోస్తున్నాను కదా, ఇంకా చెప్పడమెందుకు అనుకునేది.

సుక్రు తన బరువు కోసం వినాయకచవితి వెళ్ళాక ఒకసారి వచ్చాడు. సవరమ్మ వాడికి కడుపునిండా అన్నం పెట్టి, "ఎముక ఇంకా లేతదిరా, ఇంకో నెల పోనీ" అని పంపేసింది. దసరాకి వచ్చాడు. మళ్ళీ అదే మాట. మూడోసారి వాడు అరుగెక్కలేదు, వీధిలోనే నిలబడ్డాడు.

"అమ్మా, నా బరువు నాకిచ్చీయండి."

"ఎందుకురా తొందర? తేలిగ్గా ఉన్నావు, చెట్లెక్కుతున్నావు, బాగానే ఉంది కదా?"

"ఏటి బాగు? దమ్ములో పలక మీద నిలబడితే పలక నీళ్ళ మీద తేలిపోనాది. మడి సదును కాక నాట్లు సగం పోనాయి. గుంటనెత్తుకుంటే గాలికి ఇద్దరం జారిపోతన్నాం. కనక నాకు గుంటనియ్యడం మానేసినాది."

సవరమ్మ గుమ్మం పట్టుకుంది. ఇదొకటి ఉంటుందని ఆవిడకి తట్టనేలేదు. తన బాధ చూసుకుంటూ మురిసిపోయింది గానీ వాడి పొలం, వాడి కూతురు ఆవిడకి గుర్తుకే రాలేదు. రెండోసారీ అదే పని చేశానే అనుకుంది. ఇంక ఆగలేకపోయింది.

"సుక్రూ, ఆ రోజు పొలిమేరలో నేను నిద్రపోలేదురా. అంతా విన్నాను. కావాలనే కళ్ళు మూసుకున్నాను."

"తెలుసమ్మా."

"తెలుసా?"

"నిద్దరోయినోళ్ళు ఇంకా బరువుంటారు. మోసినోడికి తెల్దేటి?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

"మీకు కాళ్ళు నొప్పి గదా అని."

వీధిలో జనం మూగారు. సవరమ్మ వీధిలోకి దిగి రెండు చేతులూ జోడించింది. "ఈ బరువు నన్నే మొయ్యనీరా. నా పాపానికి ఇదైనా ఉండనీ."

సుక్రుకి కోపం లేదు, కానీ లొంగలేదు.

"పాపం మీదయితే అది మీరుంచుకోండమ్మా. బరువు నాది. నాకు పనున్నాది."

అని ముందుకొచ్చి, ఆవిణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాడు. హెడ్మాస్టరు భార్యని, నడివీధిలో. గుమ్మంలో నిలబడ్డ మాస్టారు దిగొచ్చి, మూగిన జనాన్ని పక్కకి జరిపి దారి చేశారు. ఆరడుగులు వేసి, గుడ్లబుట్ట దింపినంత జాగ్రత్తగా కింద దింపాడు. తన కాలు నేలకి ఒకసారి గట్టిగా తన్ని చూసుకుని నవ్వాడు.

అన్నం తినమంటే ఆగలేదు. గుంట ఎదురుచూస్తాదని, బేగి పోవాలని వెళ్ళిపోయాడు.

సవరమ్మ వీధిలో అలాగే నిలబడింది. ఒంటి మీంచి ఒక మనిషి బరువు దిగిపోయింది, తన మోకాళ్ళ నొప్పి ఒక్కటే మిగిలింది. అన్ని నెలల తరవాత ఎక్కడా కూలబడకుండా గుమ్మం దాకా నడిచి వచ్చింది. అంత తేలిగ్గా నడిచి వచ్చినందుకు మెట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది.