వోరెన్ కుంట లోతు

వోరెన్ గ్రామానికి భూగోళం దండిగా ఉంది, చరిత్రే లేదు. ఈ సంగతి అన్సెల్మ్ కుర్తాదన్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఆ ఊరి బళ్లో ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పిందీ, ఆ ఊరి మీద నలభై పేజీల పుస్తకం రాసిందీ ఆయనే. కొండలు, వాగులు, గాలి ఎటు వీస్తుంది, ఆవుల్ని ఏ నెలలో పైకి తోలతారు, అన్నీ కలిసి ముప్పై ఎనిమిది పేజీలు ఆక్రమించాయి. చరిత్ర దగ్గరికొచ్చేసరికి చేతిలో చిల్లిగవ్వంత సమాచారం లేదు. ఏ యుద్ధమూ ఈ దారిన రాలేదు. ఏ రాజూ ఇక్కడ బస చెయ్యలేదు, కనీసం దారి తప్పి వచ్చి మంచినీళ్లు కూడా అడగలేదు.

పక్కూరు శాజెల్ వాళ్లకి మాత్రం కూలిపోయిన కోట ఒకటి ఏడ్చింది. అదే మాస్టారి కడుపుమంట. ఓ రోజు చర్చి గోపురం ఎక్కి చూస్తే రెండు గంటలు వేలాడదీసే దూలాలున్నాయి, గంట మాత్రం ఒక్కటే ఉంది. ఇంకేం, కలం పరిగెత్తింది. ఫ్రెంచి విప్లవం రోజుల్లో పారిస్ వాళ్లు ఊరూరా గంటలు పట్టుకుపోయి ఫిరంగులు పోస్తుంటే, వోరెన్ జనం తమ పెద్ద గంటని బట్టలుతికే కుంటలో ముంచి దాచేశారని రాశాడు. ఆ వాక్యం ముందు 'బహుశా' అనే మాట ఉండేది. అచ్చులో అదెలా ఎగిరిపోయిందో తనకి తెలియదని అందరితో అనేవాడు. తెలుసు. చదవడానికి నీరసంగా ఉందని తనే కొట్టేశాడు.

రెండో ముద్రణకి సాక్ష్యం కావాల్సి వచ్చింది. మేకపాల జున్ను చేసే బెర్తిల్‌ని అడిగితే, "మా ముత్తవ్వ కూడా తాడు పట్టుకుని లాగిందంట" అంది. ఎక్కడ విన్నావని ఆయన అడగలేదు. నీ పుస్తకంలోనే అంటుందేమోనని భయం. 'ఊరి పెద్దల నోట విన్నది' అని రాసుకుని ముగించాడు.

అలా నలభై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు ప్రతి ఆగస్టులోనూ వోరెన్‌లో గంట పండగ జరుగుతుంది. జనం కుంట చుట్టూ బల్లలు వేసుకుని మీగడ, బంగాళాదుంపలు కూరిన రొట్టె తింటారు, శాజెల్ వాళ్ల కోటని వెక్కిరిస్తారు. ఈ ఏడాది మేయరు రెజిస్ వషేరో ఇంకో అడుగు ముందుకేశాడు. పండగ రోజు కుంట తోడించి గంటని పైకి తీయిస్తానన్నాడు. పైగా ఒడ్డున నల్లరాతి ఫలకం కూడా సిద్ధం చేయించాడు: 'ఊరికి చరిత్రనిచ్చిన మాస్టారు అన్సెల్మ్ కుర్తాదన్'.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మాస్టారికి ముద్ద దిగడం లేదు. డెబ్బై రెండేళ్లు పరువుగా బతికి, ఊరంతా చూస్తుండగా బురదలో అబద్ధం బయటపడబోతోంది. ఆ పైన తన పేరు రాతి మీద చెక్కి ఉంటుంది, చెరిపేసే వీలు కూడా లేదు. ఆగలేక మేయరు దగ్గరికెళ్లాడు. బెర్తిల్ కూడా అక్కడే ఉంది, జున్ను డబ్బాలు లెక్కపెడుతూ.

"రెజిస్, కుంటలో గంట లేదు. ఆ కథ నేనే అల్లాను."

"ఊరుకోండి మాస్టారూ, వయసు మీద పడి మర్చిపోతున్నారు. మాకు మీరే కదా చెప్పారు."

"అదేనయ్యా నేను చెప్పేది. నేను చెప్పబట్టే అది అబద్ధం."

బెర్తిల్ డబ్బా టక్కున కింద పెట్టింది. "అయితే మా ముత్తవ్వ అబద్ధాలకోరనా నీ ఉద్దేశం? ఆవిడ చేతులు తాడు లాగి బొబ్బలెక్కాయి, తెలుసా?"

బొబ్బలు కొత్తగా వచ్చి చేరాయి. మాస్టారు తల పట్టుకున్నాడు.

"చిన్నప్పుడు బడిగంట పోతే నా మాట మీరు నమ్మారా?" అన్నాడు రెజిస్, నవ్వుతూనే. "మరి ఇవాళ మీ మాట నేనెందుకు నమ్మాలి?"

"అది వేరు. అది నువ్వే తీశావు."

"తీయలేదు మాస్టారూ."

ఈసారి నవ్వలేదు. రెజిస్‌కి తొమ్మిదేళ్లప్పుడు, బళ్లో చేత్తో ఊపే ఇత్తడి గంట కనపడకుండా పోయింది. వాళ్లది బడి ఎదురిల్లు కాబట్టి నింద వాడి మీద పడింది. 'బడిగంట నేను దొంగిలించాను' అని రెండొందల సార్లు రాయించాడు మాస్టారు. యాభై ఏళ్లొచ్చి మేయరయ్యాక కూడా కొందరు వాణ్ని చాటుగా గంటదొంగ అనే అంటారు.

పండగ రోజు ఫైరింజన్ వాళ్లు పెద్ద పంపు పట్టుకొచ్చారు. పుస్తకంలో కుంట లోతు నాలుగు మీటర్ల ఇరవై అని ఉంది కాబట్టి నీళ్లు తోడటానికి సాయంత్రమవుతుందనుకున్నారు. రొట్టెలు చల్లారకముందే అడుగు కనిపించింది. లోతు మీటరూ ముప్పై.

"మాస్టారూ, మిగతా మూడు మీటర్లూ ఎవరెత్తుకుపోయారు?" అన్నాడు పంపు దగ్గరున్న మనిషి. ఊరంతా గొల్లున నవ్వింది. పాపం, భూగోళం ముప్పై ఎనిమిది పేజీలైనా నికార్సయినవని ఇన్నాళ్లూ మాస్టారు మురిసిపోయాడు.

బూట్లు వేసుకుని రెజిస్సే బురదలోకి దిగాడు. కాసేపు కెలికాక ఏదో పైకి లాగాడు. గుప్పెట్లో పట్టేంత ఇత్తడి గంట. దానికో సన్నని తాడు, తాడుకి ఇరవై సెంటీమీటర్లకో ముడి, కొన్ని ముడుల్లో ఇంకా అతుక్కుని ఉన్న ఎర్ర నైలాన్ పోగులు.

"ఆ పోగులు నేనిచ్చినవే," అంది బెర్తిల్ అందరికీ వినపడేలా. "లోతు కొలిచే తాడు చేస్తున్నానని అడిగావు కదా అన్సెల్మ్?"

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి, తలుపు ముఖాన కొట్టినట్టు. జూలై పద్నాలుగు, జాతీయ దినం విందు. జెంషియన్ అనే కొండమొక్క వేళ్లతో కాచిన చేదు సారా ఎన్ని గ్లాసులు తాగాడో లెక్కలేదు. పుస్తకం అచ్చుకి వెళ్లాల్సి ఉంది, కుంట లోతొక్కటే రాయాలి. తాడు చివర బరువు కోసం చేతికందిన బడిగంట కట్టాడు, నీళ్లలోకి వదిలాడు. తాడు అడుగున చుట్టలు పడుతుంటే ముడులు లెక్కపెట్టుకుంటూ పోయాడు. చేతిలోంచి ఎప్పుడు జారిందో తెలియదు. ఇంటికెళ్లి నోటు పుస్తకంలో ఓ అంకె గీకి పడుకున్నాడు. మర్నాడు గంట లేదు, అంకె మాత్రం ఉంది. అంకెని నమ్మాడు. పిల్లాణ్ని నమ్మలేదు.

కుంట అంచుకి వెళ్లి నిలబడ్డాడు.

"అందరూ వినండి. బడిగంట ఇందులో పడేసింది నేను. తాగి పడేశాను. రెజిస్ దొంగ కాదు, ఎప్పుడూ కాదు. పెద్ద గంట కూడా లేదు. ఆ రాతి మీద నా పేరు ఉలితో కొట్టేయండి, బాబూ, చూడలేను."

అందరికంటే ముందు బెర్తిల్, "మా ముత్తవ్వ సంగతి తర్వాత తేలుద్దాం," అంది.

రెజిస్ గంట మీద బురద చొక్కాతో తుడిచాడు. "సోమవారం పొద్దున్నకి రెండొందల సార్లు రాసుకు రండి మాస్టారూ. దస్తూరీ బాగుండాలి. పక్కన ఖాళీ వదలాలి."

ఆదివారమంతా మాస్టారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాశాడు. 'బడిగంట కుంటలో పడేసింది నేను, రెజిస్ కాదు.' అరవయ్యో వరుసకి బొటనవేలు లాగేసింది. నూట ఇరవైకి, మేయరు గారు లెక్కపెడతారా ఏంటి అనిపించింది. మరుక్షణం సిగ్గేసింది. తొమ్మిదేళ్ల పిల్లాడు రాసినవి తను రెండుసార్లు లెక్కపెట్టాడు.

సోమవారం రెజిస్ లెక్కపెట్టాడు. "రెండు తక్కువ."

"నా లెక్కలు అంతే. కుంట లోతు చూశావుగా." అక్కడే కూర్చుని మిగతా రెండూ రాసిచ్చాడు.

రెజిస్ ఆ కాగితాలు అంచులు కలిపి బల్ల మీద సర్దాడు. "మా నాన్న పోయేదాకా నా మాట నమ్మలేదు. మాస్టారు అబద్ధమాడతాడా అనేవాడు."

మాస్టారు ఆ కాగితాలు తీసుకుని, లేచి టోపీ పెట్టుకున్నాడు. "పద, ఆయన దగ్గరికి తీసుకెళ్లు."

చర్చి వెనక శ్మశానంలో, వషేరోల సమాధి ముందు మాస్టారు కళ్లద్దాలు సవరించుకుని మొదటి వరుస గట్టిగా చదివాడు, తరగతిలో చదివినట్టు. రెండో వరుస కోసం గొంతు సర్దుకుంటుంటే రెజిస్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్కసారి చాలు మాస్టారూ. నాన్నకి చెవులు బాగానే వినపడేవి."

"మాట నమ్మడానికి మాత్రం కాస్త టైం పట్టే మనిషి," అన్నాడు మాస్టారు, కళ్లు తుడుచుకుని. రెండోసారి కూడా చదివాడు.