రెండు కార్బురేటర్ల ఊపిరి

విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్ళే రోడ్డు పక్కన ఉంది జోగయ్య రిపేరు షెడ్డు. ఆ ఉదయం నరసింగరావు రెండు అట్టపెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"ఏది బిగిద్దాం జోగయ్యా? నువ్వు సెప్పిందే" అన్నాడు.

నరసింగరావుకు పొలాలున్నాయి. పొలాలకన్నా ఎక్కువ సరదాలున్నాయి. పదేళ్ళ కిందట ఊరొదిలి వెళ్ళిపోతున్న మిల్లు దొర దగ్గర ఎం.జి. కారు కొన్నాడు. రెండే సీట్లు, పొడుగాటి ముక్కు, వానొస్తే తప్ప కప్పు వెయ్యని బండి. అరవై ఎనిమిదిలో దాన్ని మద్రాసు దగ్గర షోలవరం పందేల్లో తోలాలన్న పిచ్చి పట్టింది ఆయనకి. జోగయ్య రెండు నెలలు కూచుని ఇంజను హెడ్డు అరగదీశాడు, పెద్ద వాల్వులు వేశాడు. ఇప్పుడా ఇంజనుకి ఆకలి పెరిగింది. గాలీ పెట్రోలూ కలిపి అందించే పాత బుల్లి కార్బురేటర్లు ఇక చాలవు.

ఒక పెట్టెలో కలకత్తా నుంచి తెప్పించిన ఎస్.యు. కార్బురేటర్ల జత ఉంది, పాతవాటికన్నా ఒక సైజు పెద్దవి. ఇంకో పెట్టెలో బొంబాయి నుంచి వచ్చిన ఇటలీది. ఒక్కటే, కొబ్బరికాయంత.

"పెద్దదే ఏసీద్దాం బాబూ. ఒక్కటైతే పేసీ ఉండదు" అన్నాడు జోగయ్య.

నరసింగరావు తెల్లబోయాడు. "అదేటి! ఈ బండికి జతే ఉండాలని ఇన్నాళ్ళూ నా బుర్ర తిన్నావు కదా? అది పట్టాలంటే బోనెట్టు పక్క రేకు కొయ్యాల."

"కోసీడమే."

"సరే. నీ సెవి మీద నాకు నమ్మకం. మజ్జాన్నం దాటేక వస్తాను" అని నరసింగరావు సైకిలు రిక్షా ఎక్కి వెళ్ళిపోయాడు.

ఆ చెవి మాటే జోగయ్యకు గుచ్చుకుంది. పోయిన వానాకాలంలో వచ్చిన టైఫాయిడు జ్వరం పోతూ పోతూ అతని చెవుల్ని పట్టుకుపోయింది. ఎడమది పూర్తిగా పోయింది. కుడిదానికి ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడితే వినిపిస్తుంది, మిగతాది పెదాలు చూసి నెట్టుకొస్తున్నాడు. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. చెవులు లేని మేస్త్రీ దగ్గరికి బండి ఎవడు తెస్తాడు?

ఒంటి కార్బురేటర్‌ని కంటితో చూసి, చేత్తో తాకి సర్దుకోవచ్చు. జత సంగతి వేరు. రెండూ ఒకే పాటి గాలి పీల్చాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా అయితే ఇంజను కుంటుతుంది. ఆ తేడా రబ్బరు గొట్టం ఒక కొస కార్బురేటర్ నోట్లో, ఇంకో కొస చెవిలో పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఆ విద్య నేర్పింది ఆ మిల్లు దొరే. కారు కొత్తలో, జోగయ్య ఉత్త క్లీనరుగా ఉన్నప్పుడు, పిలిచి గొట్టం చేతికిచ్చి, "రెండూ ఒక్క ఊపిరి పీల్చాలి" అని వచ్చీరాని తెలుగులో చెప్పాడు. ఆ రోజు నుంచీ ఆ కారంటే జోగయ్య చెవి కోసుకునేవాడు. సాయంత్రాలు దొర రామతీర్థం వైపు షికారుకి వెళితే, మోత పూర్తిగా అణిగిపోయేదాకా పనిముట్టు ముట్టేవాడు కాదు. ఎంత కమ్మటి మోత అది! ఎంత మంచి రోజులవి! ఇప్పుడు తలచుకోవడానికే మిగిలింది.

రంపం తీసి రేకు మీద ఆనించాడు. ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. ఆ రేకుని తుడిచిన గుడ్డలు ఎన్ని చిరిగిపోయాయో అతనికే తెలుసు. చెయ్యి కదల్లేదు.

ఎవరో భుజం తట్టారు. తిరిగి చూస్తే భార్య దానమ్మ, చేతిలో చోడంబలి చెంబు.

"మూడుసార్లు పిలిసినాను" అంది.

"ఇంజను ధ్యాసలో ఉన్నాను."

"ఇంజను ఆగిపోయే ఉన్నాది కదా." ఆమె చెంబు కింద పెట్టి, అతని ఎదురుగా వచ్చి, గట్టిగా అంది: "నానెరగననుకున్నావేటి? దసరాకి ముందే ఎరుగుదును. నువ్వు సెప్తావేమోనని సూత్తన్నాను."

జోగయ్యకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. రేకు కథ, గొట్టం కథ, అబద్ధం కథ అంతా చెప్పేశాడు. దానమ్మ చివరిదాకా విని, కొంగు దోపుకుంది.

"ఆ గొట్టం ఇలా తే."

దానమ్మది కళింగపట్నం. పడవ కనపడకముందే, సముద్రం హోరులోంచి తండ్రి కేక పోల్చుకుని ఒడ్డుకి పరిగెత్తిన పిల్ల. ఆ చెవులకి రెండు కార్బురేటర్లు ఒక లెక్కా?

జోగయ్య జతని బిగించి ఇంజను స్టార్టు చేశాడు. దానమ్మ గొట్టం చెవిలో పెట్టుకుని ఒకసారి దీన్లో, ఒకసారి దాన్లో కొస పెట్టి చూసింది. "ముందుది బుస్సుమంతన్నాది. ఎనకది ముసిలోడి ఊపిరి లాగుంది."

అతను వెనకదాని మర పావు చుట్టు తిప్పాడు.

"ఇప్పుడు ఎనకది మీరిపోనాది. కొంచెం తగ్గించు. ఇంకొంచెం. నీకు దుడుకెక్కువ, నెమ్మదిగా తిప్పు!"

గంటసేపు అలా తిట్లు తింటూ తిప్పాడు. నరసింగరావు ఎప్పుడొచ్చాడో ఇద్దరూ చూడలేదు. జోగయ్య తలెత్తేసరికి ఆయన గుమ్మంలో నిలబడి, దానమ్మ చెవిలో ఉన్న గొట్టాన్నే చూస్తున్నాడు.

జోగయ్య స్క్రూడ్రైవరు కింద పెట్టి లేచాడు. "పొద్దున్న అబద్ధమాడేను బాబూ. ఈ బండికి జతే సరి. నాకు సెవులు పోనాయి. ఇనీది దానమ్మ, తిప్పీది నాను. వద్దంటే ఇప్పేస్తాను."

నరసింగరావు జోగయ్యకు ఎదురుగా వచ్చి, పెదాలు విడివిడిగా కదుపుతూ అన్నాడు: "షోలవరానికి ఇద్దరూ వస్తారా?"

"ఏటమ్మా, వస్తావా?" అని అటు తిరిగి దానమ్మనీ అడిగాడు.

"రెండు ఊపిర్లూ కలిసినాయో లేదో ముందు తోలి సూడండి బాబూ" అంది ఆమె గొట్టం చుట్ట చుడుతూ.

ఆయన కారెక్కి రామతీర్థం వైపు తోలాడు. అరికాళ్ళ కింద నేల సన్నగా అదిరింది. జోగయ్యకు అందినది అంతే. దుమ్ము లేచింది, కారు చిన్నదైంది.

"ఏటి వినిపిస్తన్నాది?" అని అడిగాడు.

"ఒకటే మోత. రెండు కాదు."

"ఆగిపోతే సెప్పు."

దానమ్మ చెయ్యి పైకెత్తి, మోత అణిగిపోగానే దించుతానని సైగ చేసింది. జోగయ్య రోడ్డు కేసి చూడ్డం మానేసి ఆ చెయ్యినే చూస్తూ నిలబడ్డాడు. దొర కాలం నాటి ఆ మోతలోని ఒక్కొక్క మలుపూ గుర్తొచ్చింది. కారు కనుమరుగైంది. లేచిన దుమ్ము కూడా అణిగింది. దానమ్మ చెయ్యి ఇంకా దించలేదు.