సంతోషం కుప్పలో వెటకారం

మూర్ఛ ఉన్నవాళ్లు సోషల్ మీడియాలో రాసుకునే మాటలు చదివి, వాళ్ల మనసులో ఏముందో తేల్చే మహత్కార్యాన్ని ఆ ఆఫీసు నెత్తికెత్తుకుంది. పిలిచి అడిగితే పోయేదేముందని ఎవరికీ తోచలేదు. కంప్యూటరు ఉండగా నోరెందుకు? అది పోస్టులన్నిటినీ సంతోషం, దిగులు, భయం అని మూడు కుప్పలుగా పోసేది. అవి సరిగ్గా ఉన్నాయో లేదో చూడటం కళ్లజోడు పని. ఎప్పుడూ కళ్లజోడుతో కనిపించే ఆ అమ్మాయిని ఆఫీసులో అందరూ అలాగే పిలిచేవారు.

ఒక ఉదయం సంతోషం కుప్పలో ఆమెకు ఒక పోస్టు కనిపించింది: "ఫిట్స్ వస్తాయని మావాళ్లు బాత్రూం గడియ పీకించేశారు. నేను స్నానం చేస్తుంటే ఇంటిల్లిపాదీ తలుపు దగ్గర కాపలా. ఎంత ప్రేమో! మహారాణులకైనా ఉంటుందా ఈ భోగం?"

ఆమెకు నవ్వాగలేదు. దాన్ని దిగులులోకి మార్చింది. సాయంత్రానికి అలాంటివి రెండొందలు తేలాయి.

మేనేజరు పరుగున వచ్చాడు. "ఏంటమ్మా ఇది? సగం మంది సంతోషంగా ఉన్నారని రిపోర్టు రాసేశాను. నువ్వేమో అందర్నీ ఏడిపిస్తున్నావు!"

"అది వెటకారం సార్."

"ప్రేమ అని రాసుంది కదా. వెటకారమని నీకెలా తెలుసు?"

ఐదేళ్లుగా ఆమె ఎవరి కంటా పడకుండా మాత్రలు వేసుకుంటోంది. ఆ క్షణాన ఒళ్లు మండింది. "మా ఇంట్లోనూ గడియ లేదు కాబట్టి తెలుసు సార్. నాకూ ఫిట్స్ ఉన్నాయి."

ఏడాదిగా మూర్ఛ మీద పరిశోధన చేస్తున్న ఆ మహానుభావుడు రెండడుగులు వెనక్కి వేశాడు.

మర్నాటికి జాలి వెల్లువెత్తింది. ఆమె కుర్చీని మెట్లకు దూరంగా జరిపారు. ఫిట్స్ వస్తే చేతిలో పెట్టొచ్చని ఎవరో బల్ల మీద తాళాలగుత్తి పెట్టిపోయారు. ఏడాది పరిశోధనకు ఫలితం అది! ఆమె ఆ గుత్తిని తీసుకెళ్లి మేనేజరు ముందు పడేసింది.

"తాళాలతో ఏమీ ఆగదు సార్. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవాలి. ఇదంతా ఆ పోస్టుల్లోనే ఉంది, చదివితే."

ఆయన చదివాడు. రెండు రోజులు తలెత్తకుండా చదివి, రిపోర్టు చించేసి, వెటకారానికి నాలుగో కుప్ప పెట్టమన్నాడు. చివరికి అన్నిటికంటే పెద్దది అదే అయింది. అందులో ఫిట్స్ మీద ఫిర్యాదులు తక్కువ, ఇంట్లోవాళ్ల మీదా ఆఫీసువాళ్ల మీదా ఎక్కువ.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం పక్క సీటు పెద్దాయన భోజనం డబ్బా పట్టుకొచ్చి ఆమె ఎదురుగా కూర్చున్నాడు. పలకరిస్తే తలూపడం తప్ప మాట్లాడని మనిషి.

"నేనూ రోజూ మాత్ర వేసుకుంటానమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఫిట్స్‌కి కాదు, దిగులుకి. ఇంట్లో కూడా తెలీదు."

"ఎప్పట్నుంచి బాబాయ్?"

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. భోజనాల వేళ దాటినా ఇద్దరూ లేవలేదు.