భద్రతా వారోత్సవంలో తాతారావు కాలు

ఏలూరులోని ఆ ఎముకల ఆసుపత్రిలో భద్రతా వారోత్సవం ఎంత ఘనంగా జరుగుతోందంటే, రోగుల్ని చూసే తీరిక ఎవరికీ లేదు. ‘పడిపోకుండా చూద్దాం’ అన్న బ్యానరు కట్టబోయి ఎలక్ట్రీషియను నిచ్చెన మీంచి పడ్డాడు. మేనేజరు గోపీచంద్ ఆ సంగతి రాయనివ్వలేదు. ‘ఈ నెల ప్రమాదాలు: సున్నా’ అని బోర్డు అప్పటికే రాయించేశాడు మరి.

పద్దెనిమిదేళ్లుగా అదే వార్డులో ఉన్న హెడ్ సిస్టరు హెప్సిబాకి ఆ ఉదయం అప్పజెప్పిన పని, తాతారావుని నవ్వించి ఫొటో తీయించడం. కొల్లేటికోటలో చెరువు గట్టు మీంచి జారి అతను మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్నాడు. ముందురోజు సాయంత్రమే పిండికట్టు వేశారు. మనిషి నవ్వే స్థితిలో లేడు.

“రెండు ఇంజక్షన్లు చేశారండీ. అయినా ఒకటే కేకలండీ,” అంది భార్య చంద్రకళ.

“ఎముక విరిగితే నొప్పి రాదేంటమ్మా? ఈయన కాస్త సుకుమారం, అంతే,” అన్నాడు గోపీచంద్, ఫొటోగ్రాఫరుకి దారిస్తూ.

హెప్సిబా కట్టు బయటికున్న కాలివేళ్లు పట్టుకుంది. పాలిపోయి చల్లగా ఉన్నాయి. బొటనవేలు కాస్త పైకి వంచగానే తాతారావు గావుకేక పెట్టాడు. ఆమె చార్టు చూసింది. వేళ్ల రంగు బాగుంది, స్పర్శ బాగుంది అని గంట గంటకీ టిక్కులున్నాయి, మధ్యాహ్నం రెండింటి దాకా. అప్పటికి టైము ఉదయం పదే.

ఆమెకి అర్థమైంది. కట్టు లోపల వాపు పెరిగి కండ నలిగిపోతోంది. ఆలస్యమైతే ఆ కాలు దక్కదు. డ్యూటీ డాక్టరుకి ఫోను చేస్తే, ఆయన కింద నినాదాల పోటీకి జడ్జిగా కూర్చున్నాడు.

“ఇంకో ఇంజక్షన్ ఇవ్వండి సిస్టర్. అరగంటలో వస్తాను.”

ఆమె నేరుగా పెద్ద సర్జనుకి చేసింది. ఆయన తాడేపల్లిగూడెం నుంచి వస్తూ అప్పుడే గుండుగొలను దాటాడు.

“వేళ్లు చల్లబడ్డాయండీ. కదిపితే ఓర్చుకోలేకపోతున్నారండీ.”

“కట్టు చీల్చెయ్యండి, లోపలి దూదితో సహా. థియేటర్ సిద్ధం చేయించండి.”

ఆమె కట్టు కోసే రంపం తీసింది. గోపీచంద్ అడ్డొచ్చాడు. “ఇప్పుడు పొడి రేపుతారేంటండీ! ఇన్‌స్పెక్షన్ వాళ్లు కింద టిఫిన్ చేస్తున్నారు.”

“వాళ్ల కాఫీ అయ్యేలోపు అయిపోద్దండీ. మీరు ఈ కాలు కదలకుండా పట్టుకోండి.”

మేనేజరు ఒక రోగి కాలు పట్టుకోవడం అదే మొదలు. ఇన్నాళ్లూ పట్టుకున్నవి ఇన్‌స్పెక్షన్ వాళ్లవే.

సర్జను వస్తూనే తాతారావుని థియేటర్‌లోకి తీసుకెళ్లి, చర్మం కోసి లోపలి ఒత్తిడి తీశాడు. కండ ఇంకా బతికే ఉంది. తరవాత మరో రెండుసార్లు కోతలు తప్పలేదు గానీ కాలు మిగిలింది.

ఆసుపత్రికి భద్రతా సర్టిఫికెట్టు వచ్చింది. హెప్సిబాకి మెమో వచ్చింది: తనిఖీ రోజున వార్డులో దుమ్ము చేసినందుకు, డ్యూటీ డాక్టరుని దాటి ఫోను చేసినందుకు. ‘అవసరమైతే మళ్లీ చేస్తాను’ అని కింద రాసి సంతకం పెట్టింది. జూనియర్లందరినీ పిలిచి, కట్టు వేసిన మంచాల దగ్గరికి ఒక్కొక్కరినీ తీసుకెళ్లింది.

“ముందు వేళ్లు పట్టుకుని చూడండమ్మా,” అంది. “పెన్ను తరవాత తీద్దురుగాని.”