రాజ్యం అత్త పట్టుకున్న కొస

నేను ఒక అడ్డుతెరను. అదేనండీ, జీలకర్ర బెల్లం పెట్టేదాకా పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య పట్టుకునే గుడ్డను. గుడ్డే కదా అని చులకన చేసేరు! పురోహితుడు తియ్యమనేదాకా నన్ను దాటి చూసే ధైర్యం ఎవరికీ లేదు. నెలల తరబడి ఫోనులో పొద్దస్తమానం మొహాలు చూసుకున్నవాళ్ళు కూడా నా దగ్గరికి వచ్చేసరికి తల వంచుకుని బుద్ధిగా కూర్చోవలసిందే.

నేను పుట్టింది సామర్లకోటలో, రాజ్యం అత్త ఇంట్లో. ఆమె మేనకోడలు హిమజ తన పెళ్ళికి అద్దె తెర వద్దంది. "నా తెర నేనే కుట్టుకుంటా" అని శనివారం పొద్దున్నే మేనత్త గుమ్మంలో దిగింది. సూదిలో దారం ఎక్కించడం కూడా రాని పిల్ల! అయినా అత్త నవ్వలేదు.

"రావే కోడలా! ముందు పెసరట్టు తిను. ఖాళీ కడుపుతో కుట్టిన కుట్టు నిలబడదు" అంది.

ఇద్దరూ నట్టింట్లో చాప పరుచుకున్నారు. గంధం రంగు పట్టుగుడ్డ మీద అత్త ఒక చిలకను కుడితే, దాన్ని చూసి హిమజ రెండోదాన్ని కుట్టింది. అది కాస్త బొద్దుగా వచ్చింది. "నీ చిలక పెళ్ళిభోజనం ముందే చేసొచ్చినట్టుందే" అని అత్త ఏడిపించింది. ఎవరేమన్నా, నాకు ఆ బొద్దు చిలకంటేనే ముద్దు.

ఆదివారం మధ్యాహ్నం నన్ను ఎత్తి పట్టుకుని చూశాక గానీ తప్పు బయటపడలేదు. తెరకు రెండు ముఖాలుంటాయన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు! ముందు చిలకలు సరే, వెనకంతా ముడులు, వేలాడే దారాలు. ఆ వెనక వైపు పెళ్ళికొడుక్కి చూపిస్తే వియ్యాలవారు ఊరుకుంటారా? పోనీ ఇటు తిప్పుకుంటే, అంత కష్టపడి కుట్టిన పిల్ల ముడులు చూస్తూ కూర్చోవాలా? హిమజకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

అత్త లేచి వెళ్ళి పెట్టె తెరిచింది. తన పెళ్ళినాటి మధుపర్కం చీర తెచ్చింది. తెల్లటి నూలు, ఎర్రటి అంచు. "దీన్ని వెనకేసి కుట్టేద్దాం" అంది. అన్నదే గానీ అంతలోనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దులేవే. మీ మామయ్య పోయాక దీన్ని బయటికి తియ్యలేదు. నలుగురూ నాలుగు మాటలంటారు. పెళ్ళిలో నేనూ ఏ మూలో కూర్చుంటానులే."

"నువ్వూ మామయ్యా ఎలా ఉండేవారో నేను చూడలేదా అత్తా? అలాంటి కాపురమే నాకూ కావాలి" అంటూ హిమజ కత్తెర తీసి అత్త చేతిలో పెట్టింది. అలా నాకు రెండో ముఖం వచ్చింది. ఆ ముఖం చూసుకుని నేను పడ్డ గర్వం ఇంతా అంతా కాదు!

ఆ గర్వం పెళ్ళిపందిట్లో దిగిపోవలసిందే. తాయారమ్మ మామ్మ ఉంది చూశారూ, హిమజ వాళ్ళింట్లో ఏ పెళ్ళికైనా ఆవిడ మాటే శాసనం. నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది రాజ్యం మధుపర్కం కాదుటే? శుభమా అని పెళ్ళవుతుంటే దీన్ని మధ్యలో పెడతారా? అద్దె తెర తెప్పించండి!"

ఆఖరి వరుసలో స్తంభం పక్కన అత్త తల దించేసుకుంది. నన్ను మడత పెట్టెయ్యడానికి ఎవరో చెయ్యి కూడా చాపారు. నా బతుకు ఇక ఇంతే అనుకున్నాను.

పెళ్ళికూతురు పీటల మీద గొంతు ఎత్తకూడదంటారు. హిమజ ఎత్తింది. "ఈ తెరే కావాలి మామ్మా. దీని కొస అత్తే పట్టుకోవాలి. అత్త వచ్చేదాకా జీలకర్ర బెల్లం నేను ముట్టుకోను."

పురోహితుడు గడియారం చూశాడు. మనవాళ్ళు దేనికీ ఓ పట్టాన ఒప్పుకోరు గానీ, ముహూర్తం దాటిపోతోందంటే మాత్రం దేనికైనా ఒప్పుకుంటారు.

"ఇంకా కూర్చున్నావేమే రాజ్యం, రా! అవతల ముహూర్తం మించిపోతోంది!" అని కేకేసింది తాయారమ్మే.

అత్త వచ్చింది. నా కొస పట్టుకుని పైకెత్తింది. చిలకలు పెళ్ళికొడుకు వైపు, ఎర్రంచు చీర హిమజ వైపు. అంత ఠీవిగా ఏ తెరా నిలబడి ఉండదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఏ పెళ్ళయినా నేనే. నా మీద పసుపు మరకలు పడ్డాయి, ఒక చిలక ముక్కు ఊడింది. బొద్దుది కాదు, అత్త కుట్టినదే! మొన్నటి పెళ్ళిలో నన్ను పెట్టెలోంచి తీశారో లేదో, తాయారమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చి పందిరంతా కలయజూసి అరిచింది.

"తెర ఉంటే సరా? రాజ్యం ఏదర్రా?"