ఉదాహరణలో అక్క

ఆస్పత్రి రికార్డుల్లోంచి జవాబులు రాబట్టడానికి ఒక కంప్యూటర్ భాష ఉంది. దాన్ని ఎలా వాడాలో చెప్పే పేజీలు రాయడం ఆమె ఉద్యోగం. ఆ పేజీలను ఎవరూ చదవరని ఆఫీసులో అందరికీ తెలుసు, ఆమెకు ఇంకాస్త బాగా తెలుసు. అందుకే వయసు లెక్కగట్టే ఫంక్షన్‌కు ఉదాహరణ కావలసి వచ్చినప్పుడు ధైర్యంగా అక్క పుట్టినతేదీ పెట్టేసింది. కింద జవాబు: నలభై రెండు.

"నా వయసు ఊరంతా చాటింపు వేస్తావటే? ఓ రెండేళ్లు తగ్గించి రాయొచ్చుగా," అంది అక్క ఫోన్‌లో.

ఆ ఏడే అక్క పోయింది. అమ్మానాన్నల తర్వాత ఆమెకంటూ ఉన్నది అక్క ఒక్కతే.

ఆ ఫంక్షన్ మాత్రం పుట్టిన రోజు నుంచి ఇవాళ్టి దాకా లెక్కేస్తూనే ఉంటుంది. మనిషి ఉన్నదీ లేనిదీ దానికి పట్టదు. ఏటా అక్క పుట్టినరోజున ఆమె ఆ ఉదాహరణను నడిపి చూసుకునేది. నలభై మూడు, నలభై నాలుగు. పిచ్చి పనే. కానీ ఆ పూట కాస్త అన్నం సయించేది.

ఇన్నాళ్లకు ఆ పేజీ చదివిన మనిషి దొరికింది. ఎక్కడో ఆస్పత్రిలో నర్సు. "ఉదాహరణలో నలభై రెండు అని ఉంది, నాకు నలభై అయిదు వస్తోంది. తప్పు ఎవరిదండీ?" అని రాసింది.

మేనేజరు ఆమె కుర్చీ వెనక నిలబడి చదివాడు.

"ఇవాళ్టికి లెక్కేసేదానికి మారని జవాబు రాస్తే ఎలాగండీ? ఫలానా తేదీకి లెక్కేసే ఫంక్షన్ ఉందిగా, అది పెట్టండి. ఏదో ఒక తేదీ వేసేయండి," అని తన సీటుకు వెళ్లిపోయాడు.

ఆ మార్పు చేస్తే అక్క వయసు ఇక పెరగదు. చేయకపోతే ఆ నర్సు తన లెక్కే తప్పనుకుంటుంది. రోగి వయసు దగ్గర అలాంటి అనుమానం ఉండకూడదు. పోనీ ఇంకెవరి పుట్టినతేదీ అయినా పెడదామనుకుంది. అక్కను బయటికి గెంటినట్టనిపించి మనసొప్పలేదు. చివరికి అక్క పోయిన తేదీ కొట్టింది. జవాబు నలభై రెండే వచ్చింది. పేజీలో దాన్ని మార్చాల్సిన పనే పడలేదు.

"ఇప్పుడు సరిపోయిందండీ," అని నర్సు రాసింది.

ఆమె ఊరికే ఉండలేక, అదే చోట తన పుట్టినతేదీ, ఇవాళ్టి తేదీ వేసి చూసింది. నలభై రెండు. ఎప్పుడూ మూడేళ్లు ముందుండే అక్కను అందుకుంది. వచ్చే పుట్టినరోజుకు తనే పెద్దదవుతుంది. "ఇక నువ్వే నన్ను అక్కా అనాలి," అని ఏడిపిద్దామంటే, అవతల ఫోన్ ఎత్తే మనిషి లేదు.